31వ పేజీలో పెన్సిల్ చుక్క

నమస్కారం. పెళ్లి భోజనాల దగ్గర ఎవరినైనా "మీకు ఏ కూర ఇష్టం?" అని అడిగి చూడండి, జవాబు క్షణంలో వస్తుంది. గుత్తివంకాయ అంటారు, పనసపొట్టు అంటారు, కాకరకాయ వడ్డించబోతే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి మరీ వద్దంటారు. కాకరకాయ నచ్చదని చెప్పినంత మాత్రాన నలుగురూ తమను తక్కువగా చూస్తారన్న భయం ఎవరికీ ఉండదు. అదే మనిషిని "మీకు ఏ నవల ఇష్టం?" అని అడిగితే కాస్త తటపటాయిస్తారు, ఎదుటివారు ఎలాంటివారో ఒకసారి అంచనా వేసుకుంటారు, ఆ తరువాత ఏదో ఒక పెద్ద పేరు, తాము సగం కూడా చదవని పుస్తకం పేరు, చెప్పి గట్టెక్కుతారు. నేనూ చాలా ఏళ్లు అలాగే గట్టెక్కాను. తిండి దగ్గర ఇంత నిక్కచ్చిగా ఉండే మనం నవలల దగ్గరకు వచ్చేసరికి ఎందుకు అబద్ధం ఆడతామన్నదే ఈ రోజు నేను మాట్లాడదలచుకున్న సంగతి. అయితే అబద్ధం ఆడేవారి గురించి కంటే, ఈ విషయంలో ఒక్కసారి కూడా అబద్ధం ఆడని మనిషి గురించే ఎక్కువ చెబుతాను. ఆ మనిషి మా అమ్మ.

1980ల తొలి సంవత్సరాలలో మేము తెనాలిలో ఉండేవాళ్లం. మా వీధి చివర ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది. పది రూపాయలు డిపాజిట్టు కట్టి, రోజుకు పావలా చొప్పున ఇస్తే నవల ఇంటికి తెచ్చుకోవచ్చు. ఊళ్లో శాఖా గ్రంథాలయం లేక కాదు, అక్కడ పుస్తకాలు తక్కువనీ కాదు; కానీ అది తెరిచి ఉండే సాయంత్రపు వేళలోనే ఇంట్లో పొయ్యి వెలిగించాలి కనుక, మా వీధి ఆడవాళ్లందరికీ ఆ షాపే గ్రంథాలయం అయింది. నవలలు తేవడం, తిరిగి ఇవ్వడం నా పని. షాపులో ఉన్న పుస్తకాలలో చాలావాటికి అట్టలు ఎప్పుడో ఊడిపోయి ఉండేవి. వాటికి దళసరి అట్ట వేసి, వెన్నుకు గుడ్డ అంటించి, మీద తెల్లకాగితం ముక్క అతికించి దాని మీద పేరు రాసేవారు. అన్నీ ఒకేలా కనిపించే ఆ అరల ముందు నిలబడి అమ్మ ఏది చదివిందో, ఏది చదవలేదో పదేళ్ల పిల్లవాడు ఎలా గుర్తుపట్టాలి?

అందుకు అమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. చదివిన ప్రతి నవలలోనూ 31వ పేజీ తీసి, అంకె పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టేది. పుస్తకం నచ్చకపోతే చుక్కకు బదులు ఇంటూ గుర్తు. 31వ పేజీయే ఎందుకమ్మా అని అడిగితే, అద్దె పుస్తకాలలో ముందు పేజీలూ చివరి పేజీలూ చిరిగిపోతాయి, కాబట్టి కాస్త లోపలి పేజీ అయితే భద్రంగా ఉంటుందని చెప్పింది. పైగా ఒకటో తారీఖు కోసం ఎదురుచూసే ఇంట్లో 31 అన్న అంకెను ఎవరూ మరిచిపోరట. నేను షాపుకు వెళ్లగానే పుస్తకం తీయడం, 31వ పేజీ తిప్పడం, గుర్తు ఉంటే మళ్లీ అరలో పెట్టేయడం. కొన్నాళ్లకు ఒక విశేషం గమనించాను. వేరే పేజీలలో వేరే గుర్తులు ఉండేవి. ఒకరు 50వ పేజీలో నక్షత్రం వేసేవారు, మరొకరు ఏదో అధ్యాయం తలకట్టు కింద ఎర్ర సిరాతో అడ్డగీత గీసేవారు. ఒకరికొకరు ముఖపరిచయం కూడా లేని ఆడవాళ్లు అందరూ ఒకే పుస్తకంలో తమ తమ జాడలు వదిలి వెళ్లారన్న మాట.

గుర్తులతో ఊరుకోని వారూ ఉండేవారు. అంచుల్లో రాసేవారు. కథానాయకుడు అనవసరంగా కోపగించుకున్న చోట "ఇతడికి బుద్ధి లేదు" అని ఒకరు రాస్తే, దాని కిందనే ఇంకో దస్తూరీలో "నీకు ఉందా?" అని ఉండేది. నవల మొదటి ప్రకరణంలోనే "చివరికి ఈమె చనిపోతుంది, టైము వృథా చేసుకోకండి" అని రాసిపెట్టిన దుర్మార్గుడు ఒకడు ఉన్నాడు. వాడెవడో నాకు ఈనాటికీ తెలియదు, తెలిస్తే ఈనాటికీ వదలను. పత్రికలలో వచ్చే సమీక్షలు తరువాతి రోజులలో చాలా చదివాను గాని, ఆ అంచుల్లో ఉన్న నిర్మొహమాటం వాటిలో తక్కువగా కనిపించింది. పావలా ఇచ్చి చదివిన మనిషికి రచయితతో స్నేహమూ లేదు, విరోధమూ లేదు. నచ్చితే నచ్చిందని, లేకుంటే లేదని రాసి పుస్తకం తిరిగి ఇచ్చేయడమే.

అద్దె పుస్తకాలు ఒక వంతు అయితే, వారపత్రికల సీరియళ్లు ఇంకో వంతు. పత్రికలో భాగాలుగా చదవడం మనకు నవలతో పాటే వచ్చిన అలవాటు. కందుకూరి వీరేశలింగం పంతులుగారి రాజశేఖర చరిత్రము 1878లో ఆయన సొంత పత్రిక వివేకవర్ధనిలో వరుసగా వెలువడి, 1880లో పుస్తకమయింది. నవల అన్న పేరు అప్పటికి స్థిరపడలేదు కనుక ఆయన దానిని వచన ప్రబంధమన్నారు. అంతకు ముందే, 1872లో, నరహరి గోపాలకృష్ణమ చెట్టి రాసిన శ్రీరంగరాజ చరిత్ర వచ్చింది కాబట్టి తొలి నవల ఏదన్న తగవు ఒకటి ఉన్నది. దానిని పరిశోధకులకు వదిలి ముందుకు పోదాం. నూరేళ్ల తరువాత మా ఇంట్లో జరిగింది కూడా ఆ వరుస చదువే. వారం వారం పత్రిక రాగానే చివర "ఇంకా ఉంది" అన్న మాట దాకా ఒక్క గుక్కలో చదివి, మళ్లీ వారం దాకా ఆ కథను అందరూ నోటితో నడిపించేవారు.

సీరియల్ పూర్తయ్యాక అమ్మ ఆ పేజీలన్నీ కత్తిరించి బైండు చేయించేది. అలాంటి బైండు పుస్తకం ఒకటి ఇప్పుడు నా ముందు ఉంది. పేజీల అంకెలు 18 నుంచి 21కి, అక్కడి నుంచి మళ్లీ 14కి దూకుతాయి. బాపు గీసిన బొమ్మ వెనుక పేజీలో మాగాయ పెట్టే విధానం సగం ఉంటుంది, ఆవపిండి ఎంత వేయాలో చెప్పే సగం కత్తెరకు పోయింది. వీటన్నిటికంటే నాకు ఇష్టమైనది మధ్యలో ఉన్న ఒక రూళ్ల కాగితం. ఆ వారం పత్రిక మా ఇంటికి రాలేదు. పక్కింటి పిన్నిగారు చదివి వచ్చి కథ చెబితే, అమ్మ దానిని నీలం సిరాతో ఒకటిన్నర పేజీలలో రాసి, సరిగ్గా ఆ భాగం ఉండవలసిన చోట కుట్టించింది. రచయిత్రి ఆ వారం ఆరు పేజీలు రాసి ఉంటారు. అమ్మ సంగ్రహంలో పెళ్లిచూపులు రెండు వాక్యాలలో అయిపోయాయి, అత్తగారి మాటలకు మాత్రం ముక్కాలు పేజీ పట్టింది. పిన్నిగారికి ఏది నచ్చిందో, అమ్మకు ఏది గుచ్చుకుందో ఆ కాగితం చూస్తే తెలిసిపోతుంది.

నాన్నగారికి ఈ నవలలంటే చిన్నచూపు. "అదంతా ఉత్త కాలక్షేపం" అనేవారు. ఆ మాట ఎంత చిత్రమైనదో నాకు చాలా కాలం తరువాత గాని తట్టలేదు. హరికథా కాలక్షేపం అన్నప్పుడు అందులో చులకన లేదు, పైపెచ్చు ఎంతో గౌరవం ఉన్నది. పొద్దు గడిపే పద్ధతులలో మేలైనదని దాని అర్థం. అదే మాట గుడి మంటపం నుంచి వంటింటి గడప దగ్గరకు వచ్చేసరికి పనికిమాలినది అయింది. ఇంతకూ నాన్నగారి తలగడ కింద ఏముండేదో కూడా చెప్పాలి. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ ఉండేవాడు. ఆఫీసు నుంచి వచ్చి, కాఫీ తాగి, యుగంధరూ అతని అసిస్టెంటు రాజూ హంతకుడిని పట్టుకునే దాకా ఎవరితోనూ మాట్లాడేవారు కారు. అది కాలక్షేపం కాదా అని అడిగితే, అది "బుర్రకు పని" అని జవాబు. తన ఇష్టానికి ఒక గౌరవప్రదమైన పేరు పెట్టుకోవడం, ఎదుటివారి ఇష్టానికి ఆ గౌరవం ఇవ్వకపోవడం ఒక్క నాన్నగారి లక్షణమే అని నేను అనను.

కుర్రతనంలో నేనూ అమ్మను వెక్కిరించాను. యద్దనపూడి సులోచనారాణిగారి నవల సెక్రటరీని ఆవిడ ఎన్నిసార్లు చదివిందో లెక్క లేదు. ఏఎన్నార్, వాణిశ్రీలతో 1976లో అది సినిమాగా వస్తే అదీ చూసింది. ఆరడుగుల అందగాళ్లూ, పడవల్లాంటి కార్లూ ఉన్న ఈ నవలలు నిజ జీవితానికి ఎంత దూరమో కాలేజీలో కొత్తగా నేర్చుకున్న మాటలతో ఆవిడకు వివరించాను. అమ్మ విన్నది. సెక్రటరీలో నాయిక జయంతి, నాయకుడు రాజశేఖరం. "కారు సంగతి నాకెందుకురా? జయంతి ఉద్యోగం చేసుకుంటుంది, తన జీతం తాను తెచ్చుకుంటుంది, అంతటి రాజశేఖరానికి కూడా ఎదురు సమాధానం చెబుతుంది, నాకు అది నచ్చింది" అన్నది. తొమ్మిదో తరగతితో చదువు ఆపించి పెళ్లి చేసిన మనిషి ఆ మాట అంటే, నా దగ్గర బదులు లేకపోయింది. ఆ నవలలో యాదృచ్ఛికంగా జరిగే సంగతులు మరీ ఎక్కువన్న నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. అది నాకు నచ్చకపోవడానికి కారణం గాని, ఆవిడకు నచ్చకూడదనడానికి కారణం కాదని మాత్రం తెలుసుకున్నాను.

ఇక నా అబద్ధం సంగతి. ఇష్టమైన నవల ఏదంటే నేను చెప్పే పేరు వేయిపడగలు. విశ్వనాథ సత్యనారాయణగారి ఆ నవలకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతి వచ్చింది, అడివి బాపిరాజుగారి నారాయణరావుతో కలిపి; పి.వి. నరసింహారావుగారు దానిని సహస్రఫణ్ పేరుతో హిందీలోకి తెచ్చారు. ఇవన్నీ గడగడా చెప్పగలిగేవాడిని. నవల మాత్రం మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ నూరో పేజీ దాటకుండా ఆపాను. కథ నడుస్తున్నదనుకునే లోపల కథానాయకుడు ధర్మారావు ఏదో ఒక విషయం మీద చర్చ మొదలుపెడతాడు. అది సంగీతమైనా, విద్యాబోధన అయినా, పాశ్చాత్య నాగరికత అయినా తొందరగా ముగియదు. కవిగారు నోటితో చెబుతూ ఉంటే తమ్ముడు రాసుకోగా అంత గ్రంథమూ నెల తిరగకుండా పూర్తయిందని అంటారు. నెలలో పుట్టిన పుస్తకాన్ని నేను పదేళ్లలో చదవలేకపోయానని చెప్పుకోవడం నామోషీ అనిపించి, చదివినట్టే మాట్లాడుతూ వచ్చాను.

కొన్నేళ్ల క్రితం అమ్మకు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్లు ఒకదాని వెంట ఒకటి జరిగాయి. కొన్ని వారాలు కంటికి శ్రమ ఇవ్వవద్దన్నారు. చదవకుండా కూర్చోవడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు కాబట్టి రోజూ రాత్రి భోజనాలయ్యాక నేను చదివి వినిపిస్తానన్నాను. ఏది చదవమంటావని అడిగితే, "నువ్వు గొప్పదని చెబుతుంటావే, అది తియ్యి" అన్నది. తప్పించుకునే దారి లేదు.

మొదటి రెండు రాత్రులూ నాకు ఎప్పటిలాగానే ఉంది. మూడో రాత్రో, నాలుగో రాత్రో వాక్యాలు నాలుకకు అలవాటు పడ్డాయి. కళ్లతో చదువుతున్నప్పుడు బరువుగా, సాగదీసినట్టుగా అనిపించిన ఆ వాక్యాలే పైకి చదువుతుంటే ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ ఆగుతున్నాయి. నోటితో పుట్టిన నవలను నోటితోనే చదవాలన్న సంగతి ఇంతకాలం నాకు తట్టలేదు. కాకరకాయ కూడా నాకు అలాగే అలవడింది. చిన్నప్పుడు "తిను, ఒంటికి మంచిది" అన్నవారి మాట వల్ల కాదు, నలభై ఏళ్లు దాటాక ఒక రోజు బెల్లం, నువ్వులపొడి వేసి వేయించిన ముక్క నోట్లో పెట్టుకుంటే, ఇన్నాళ్లూ దీన్ని ఎందుకు వద్దన్నానా అనిపించింది.

అయితే అమ్మ వినడం అంత సాధువుగా సాగలేదు. ధర్మారావు ఉపన్యాసం ఎత్తుకోగానే, "ఇతడు మరీ ఎక్కువ మాట్లాడతాడురా, నాలుగు పేజీలు దాటించు" అనేది. దాటిస్తే తప్పు చేసినట్టు నాకు ఇబ్బందిగా ఉండేది. ఆవిడకు ఏ ఇబ్బందీ లేదు. పాము పోలికలున్న వింత పిల్లవాడు పసిరిక వచ్చినప్పుడు మాత్రం పక్కకు ఒత్తిగిలి లేచి కూర్చునేది. వాడు కనిపించక రెండు మూడు రోజులు గడిస్తే, "వాడు మళ్లీ ఎప్పుడు వస్తాడు?" అని అడిగేది. ఇంకా ఉంది అనకుండానే నేను పుస్తకం మూసినా, ఆవిడకు ఆ రాత్రంతా ఇంకా ఉన్నట్టే.

రెండు నెలల పైచిలుకు పట్టింది. పూర్తయిన రాత్రి అమ్మ కళ్లజోడు పెట్టుకుని, పెన్సిలు ఇవ్వమని అడిగింది. అది అద్దె పుస్తకం కాదమ్మా, మనదే అన్నాను. వినిపించుకోలేదు. 31వ పేజీ తీసి అంకె పక్కన చుక్క పెట్టింది. కాసేపు ఆలోచించి, ఆ చుక్కకు ఆనుకునే ఇంటూ గుర్తు కూడా పెట్టింది. ఇదేమిటని అడిగితే, "చుక్క పసిరికకు" అని పెన్సిలు నా చేతికి ఇచ్చేసింది.