చిగుళ్ల పుండు మీద లేజర్ పెడితే లోపల ఏం జరుగుతుంది?

[తెరపై: తెరిచిన నోరు. అంగిలి మీద గోరంత ఎర్రటి గాయం.]

చిగురు జారిపోయి పంటి వేరు బయటపడితే, డాక్టర్లు చాలాసార్లు అంగిలి నుంచి పలచటి పొర తీసి అక్కడ కుడతారు. కుట్టిన చోటు కంటే తీసిన చోటే మనల్ని ఏడిపిస్తుంది. పచ్చిపుండు కదా, కారం తగిలితే ప్రాణం లేచొస్తుంది. మానడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కొన్ని క్లినిక్కుల్లో ఆ పుండుకి కాసేపు తక్కువ శక్తి లేజర్‌తో ఎర్ర లైటు పెడుతున్నారు. ఆ లైటు కోయదు, కాల్చదు. మరి చేసేదేంటి?

[తెరపై: బుడాపెస్ట్, 1967]

తొలి లేజర్ 1960లో వచ్చింది. ఏడేళ్లకి హంగరీ డాక్టర్ ఎండ్రె మెష్టర్ ఎలుకల వీపు గొరిగి, తక్కువ శక్తి ఉన్న రూబీ లేజర్ పెట్టి చూశాడు. దీనివల్ల క్యాన్సర్ వస్తుందేమోనని ఆయన అనుమానం. క్యాన్సర్ రాలేదు సరికదా, లైటు పడిన ఎలుకలకి వెంట్రుకలు తొందరగా మొలిచాయి. ఆ తర్వాత ఆయన మానని కాలి పుండ్ల మీద ఇదే ప్రయత్నించాడు.

[తెరపై: చిగురు కణం, లోపల మైటోకాండ్రియా]

చిగుళ్లలో కొలాజెన్ అనే ప్రోటీన్ పోగులు తయారుచేసే కణాల పేరు ఫైబ్రోబ్లాస్టులు. గాయం పూడాలంటే ఇవి అక్కడికి చేరాలి, సంఖ్య పెరగాలి, కొత్త పోగులు అల్లాలి. దీనికంతా శక్తి కావాలి. ఆ శక్తి, అంటే ఏటీపీ, మైటోకాండ్రియాలో తయారవుతుంది. అక్కడుండే సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఎరుపు, పరారుణ కాంతిని పీల్చుకుంటుంది. దానికి అతుక్కుని పని ఆపుతున్న నైట్రిక్ ఆక్సైడ్ ఊడిపోయి, ఏటీపీ తయారీ ఊపందుకుంటుందని ఎక్కువమంది ఒప్పుకునే వివరణ.

[తెరపై: 100 మిల్లీవాట్లు × 40 సెకన్లు = 4 జౌల్స్]

అసలు కిటుకు మోతాదులో ఉంది. ఈ 4 జౌల్స్ ఒక చదరపు సెంటీమీటరు మీద పడితే ఒక లెక్క. అదే లైటు పావు చదరపు సెంటీమీటరు మీద పడితే మోతాదు నాలుగింతలు, అంటే చదరపు సెంటీమీటరుకి 16 జౌల్స్! ల్యాబ్‌లో పెంచిన కణాలు తక్కువ మోతాదుకి చురుగ్గా పెరుగుతాయి, మరీ పెంచితే నెమ్మదిస్తాయి. కాబట్టి "ఇంకో రెండు నిమిషాలు పెట్టండి డాక్టర్‌గారూ" అని బతిమాలకండి.

ల్యాబ్ గిన్నెలో జరిగిందల్లా నోట్లో జరగదు. అంగిలి గాయాల మీద చేసిన పరీక్షల్లో కొన్నిట్లో నొప్పి తగ్గి తొందరగా మానింది, కొన్నిట్లో పెద్ద తేడా లేదు. ఒక్కో చోట ఒక్కో మోతాదు వాడారు మరి. నా మటుకు నాకు నమ్మకం కుదిరింది ఇంకో చోట. క్యాన్సర్ చికిత్సలో కొందరికి నోరంతా పూసిపోయి మింగలేకపోతారు. కొన్ని రకాల చికిత్సలకి ముందుజాగ్రత్తగా ఈ లైటు వాడమని 2020 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి.

పాచి, గార మాత్రం ఈ లైటుతో పోవు. క్లీనింగ్ చేయించుకోవాల్సిందే. చిగురు కోసే లేజర్ కూడా వేరే పని. అక్కడ శక్తి వాట్లలో ఉంటుంది. నోట్లో అనుమానంగా ఉన్న మచ్చో గడ్డో ఉంటే, అదేంటో తేలేదాకా దాని మీద లేజర్ పెట్టించుకోవద్దు. మెషీన్ ఆన్ చేసేముందు కళ్లకి రక్షణ అద్దాలు ఇవ్వకపోతే మొహమాటపడకుండా అడిగి పెట్టించుకోండి.