నీలంగా కనిపించిన బూడిదరంగు గుళికలు

శ్రోతలకు నమస్కారం.

2004 జనవరిలో ఆపర్చునిటీ రోవర్ అంగారకుడి మీద మెరిడియాని మైదానంలో, ఈగిల్ అనే చిన్న గుంతలో దిగింది. గుంత అడుగంతా గుండ్రటి గుళికలే. మిరియపు గింజంత, అంటే నాలుగైదు మిల్లీమీటర్లు. ఫొటోల్లో నీలంగా కనిపించేసరికి బ్లూబెర్రీలు అని పేరు పెట్టేశారు. కానీ అవి నీలం కాదు, బూడిదరంగు. ఎర్రమట్టి పక్కన, తేడా తెలియడానికి రంగులు పెంచిన ఫొటోలో అలా కనిపించాయి.

ఎక్కడివీ గుళికలు? అగ్నిపర్వతం చిమ్మిన చుక్కలా? ఉల్క పడి కరిగిన రాయి చిందిందా? రాతిలోకి నీళ్లు ఇంకి, లోపలే పెరిగాయా?

జవాబు వెతికిన కళ్లల్లో ముఖ్యమైనది రోవర్ చేతి చివరి మైక్రోస్కోప్ కెమెరా. ఫొటోలో ఒక్కో పిక్సెల్, అంటే ఒక్కో చుక్క, 30 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మిరియమంత గుళిక అడ్డంగా 130 పిక్సెళ్లు పైనే ఉంటుంది. ఫోకస్ మార్చే వీలు మాత్రం లేదు, స్పష్టంగా కనిపించే లోతు కొద్ది మిల్లీమీటర్లే. గుళిక పైభాగం తేటగా ఉంటే దాని కింద రాయి మసక. అందుకే చేతిని కొంచెం కొంచెం జరుపుతూ వరసగా ఫొటోలు తీసి, తేటగా ఉన్న భాగాలను ఒకటిగా అతికారు.

అప్పుడు తెలిసింది. పైనుంచి రాలి పడితే గుళికలన్నీ ఒక పొరలో పోగుపడాలి. ఇక్కడ రాతి పొరలన్నిటా చెదురుగా ఉన్నాయి. కొన్నిటి మీద రాతి పొరల గీతలే కొనసాగాయి. పక్కపక్కన పెరిగి అతుక్కున్న కవలలూ ఉన్నాయి. నీళ్లలో కరిగిన ఖనిజం రాతిలోనే పేరుకుని గుళికలైందని ఫొటోలే చెప్పాయి. ఇంత చిన్నవాటిని మరి నమ్మిక కలిగేలా పరీక్షించడం ఎలా? గుళికలు గుమిగూడిన ఒక పళ్లెం లాంటి చోటునీ, దాని పక్కన ఖాళీ రాతినీ, ఏ ఖనిజాలున్నాయో విడివిడిగా కొలిచారు. తేడా హెమటైట్, ఇనుప ఖనిజం. కొలతలో తీసుకున్న ఈ జాగ్రత్త చూస్తే ముచ్చటేస్తుంది.

ఇక రంగు సంగతి. రోవర్ మీది పాన్‌క్యామ్ అనే రెండు కళ్ల కెమెరా ఒక్కో ఫిల్టర్ అడ్డుపెట్టి నలుపు తెలుపు ఫొటోలే తీసేది. వాటితో మీరే రంగు ఫొటో చేసుకోవాలంటే, విడుదలైన ఫొటోల్లో ఫైలు పేరు చివర్లో ఎల్ 2, ఎల్ 5, ఎల్ 7 అని ఉన్నవి ఏరుకోండి. ఎల్ అంటే ఎడమ కన్ను, అంకె ఫిల్టర్‌ది. 753, 535, 432 నానోమీటర్ల వెలుగు. వరసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం స్థానాల్లో పెట్టి కలపండి. మూడూ ఒకే చోట, వెంటవెంటనే తీసినవై ఉండాలి. నడుమ నీడ జరిగితే అంచుల్లో రంగు గీతలొస్తాయి. ఇంకో మాట. బయటికి విడుదలైన జేపెగ్ ఫొటోల్లో వెలుగు ఎక్కువ తక్కువలు ఫొటో ఫొటోకీ విడిగా సర్దేసి ఉంటాయి. ఆకారం చూడటానికి అవి చాలు, రంగు కొలవడానికి పనికిరావు.