ఆ చుక్క ఎందుకు పక్కకెళ్లింది?

అందరికీ నమస్కారం. కొత్తగా చేరిన స్కాలర్లకి శిక్షణ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను సెమినార్ గురించే మాట్లాడతాను, ఎందుకంటే పీహెచ్‌డీలో మనం అన్నిటికన్నా తేలిగ్గా తీసుకునేది దాన్నే.

రూల్స్ మీకు ఆఫీసులో చెప్పే ఉంటారు. యూజీసీ, అంటే విశ్వవిద్యాలయాల గ్రాంట్ల కమిషన్, 2022 నిబంధనల ప్రకారం కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు, అందులో రీసెర్చ్ ఎథిక్స్ ఉండాలి, ప్రతి సెమిస్టర్‌లో ఒకసారి సలహా కమిటీ ముందు ప్రోగ్రెస్ చెప్పాలి, థీసిస్ ఇచ్చేముందు అందరి ఎదుటా ఒక టాక్ ఇవ్వాలి. అంటే ఏడాదికి రెండుసార్లు లేచి మాట్లాడితే రూల్‌కి సరిపోతుంది. మీకు మాత్రం సరిపోదు.

నా సంగతే చెబుతాను. నేను స్కాలర్‌గా ఉన్నప్పుడు సముద్రపు నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలిచేదాన్ని. వింక్లర్ పద్ధతి, 1888 నాటిది, ఇప్పటికీ దాన్నే నమ్ముకుంటాం. సీసా నిండా నీళ్లు పట్టి, మాంగనీస్ ద్రావణం, ఆ వెంటనే క్షారం కలిపిన అయొడైడ్ వేస్తే గోధుమరంగు మడ్డి దిగుతుంది. ఆక్సిజన్ లేకపోతే తెల్లగా ఉండిపోతుంది. తర్వాత ఆసిడ్ పోసి, థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ చేస్తూ, అంటే దాన్ని చుక్క చుక్కగా కలిపి ఎంత పట్టిందో కొలిచి ఆక్సిజన్ లెక్కగడుతూ, చివర్లో స్టార్చ్ వేసి, నీలం రంగు పోయే ఆ ఒక్క చుక్క కోసం కళ్లు ఆర్పకుండా చూస్తాం. మన బంగాళాఖాతంలో పైపొర దాటి లోతుకి వెళ్లేకొద్దీ ఆక్సిజన్ బాగా పడిపోతుంది. నా గ్రాఫ్ కూడా అలాగే కిందకి దిగింది, ఒక సీసా కొలతకి పెట్టిన ఒక్క చుక్క తప్ప. అది దర్జాగా పక్కకెళ్లి కూర్చుంది.

సెమినార్‌లో మా డిపార్ట్‌మెంట్ కాని ఒక పెద్దాయన, జియాలజీ ఆయన, "అమ్మా, ఆ చుక్క ఎందుకు పక్కకెళ్లింది?" అన్నారు. "ఎర్రర్ సార్" అన్నాను. "ఏ ఎర్రర్?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నోట్‌బుక్ తిరగేస్తే, ఆ సీసా దగ్గర పడవ ఊగుతోందని తప్ప ఏమీ రాసుకోలేదు. తర్వాతి ట్రిప్‌లో ఒకే లోతు నుంచి రెండేసి సీసాలు పట్టి, ఒకదానిలో కావాలనే మూత కింద గాలిబుడగ వదిలేశాను. బుడగ ఉన్న సీసాలో ఆక్సిజన్ ఎక్కువ వచ్చింది, పాత చుక్క వెళ్లిన వైపే. అప్పటినుంచి మూత వాల్చి పెట్టి, బుడగ పోయిందో లేదో సీసాని తలకిందులు చేసి చూడందే నేను ముందుకెళ్లలేదు. ఆ పని ఏ పుస్తకం చదివి నేర్చుకోలేదు, ఆ ప్రశ్న వల్ల నేర్చుకున్నాను.

అందుకే పక్క డిపార్ట్‌మెంట్ వాళ్లని పిలవమని అడుగుతుంటాను. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జియాలజీ విభాగం నడిపిన సి. మహదేవన్ గారు కలకత్తాలో ఫిజిక్స్ ఆయన సి.వి. రామన్ దగ్గర పనిచేసి వచ్చినవారు, ఇక్కడ సముద్ర పరిశోధనకి దారి వేసినవాళ్లలో ఒకరు. ఆయన ఒక గదిలో కూర్చునే మనిషైతే అది జరిగేదా?

ఇప్పుడు చాలాచోట్ల సెమినార్ అంటే నలభై స్లైడ్లు, చప్పట్లు, టీ, సర్టిఫికెట్. ప్రశ్నలు ఉండవు. ఉన్నా గైడే అడుగుతారు, గైడే జవాబు చెప్పేస్తారు. ఇది నాకు నిజంగా బాధ. ఇంకో మాట కూడా చెప్పాలి: శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చిన పిల్లలు ఇంగ్లీషులో అడగాలంటే నోరు విప్పరు, వాళ్లకి డౌట్లు లేవనుకుంటాం, ల్యాబ్‌లో పక్కన నిలబడితే మాత్రం ఎంత పదునైన ప్రశ్నలు వేస్తారో. తెలుగులోనే అడగండి. పేపర్ ఇంగ్లీషులో రాద్దాం, అది వేరే పని.

మన సెమినార్ శుక్రవారం నాలుగు గంటలకి, వారం వారం. ఇరవై నిమిషాలు చెప్పడం, నలభై నిమిషాలు ప్రశ్నలు. మొదటి ప్రశ్న ఫస్టియర్ వాళ్లది, గైడ్లు చివర్లో మాట్లాడాలి, నేను కూడా. పూర్తయిన పని తేవద్దు, తేలని గ్రాఫ్ తెండి. మొదటి వారం నాదే. అక్టోబరులో పట్టిన నీళ్లలో నైట్రేట్ విలువలు రెండు స్టేషన్లలో, అంటే సముద్రంలో నీళ్లు పట్టే చోట్లలో, అడ్డదిడ్డంగా ఉన్నాయి, ఎందుకో నాకింకా తేలలేదు. వచ్చి అడగండి.