ఎడ్మండ్‌తో సింహం ఏం మాట్లాడింది?

అందరికీ వందనాలు. ఈ రోజు సి.ఎస్. లూయిస్ రాసిన 'ది లయన్, ది విచ్ అండ్ ది వార్డ్‌రోబ్' గురించి మాట్లాడుకుందాం. ఏడు నార్నియా పుస్తకాల్లో ముందు వచ్చింది ఇదే, 1950లో.

నలుగురు పిల్లలు ఒక బీరువాలోంచి నార్నియా అనే లోకంలోకి వెళ్తారు. అక్కడ మంత్రగత్తె పెత్తనం. ఎప్పుడూ చలికాలమే, క్రిస్మస్ మాత్రం రాదు. ఆమె పెట్టిన మిఠాయి రుచి మరిగి ఎడ్మండ్ తోడబుట్టిన వాళ్లనే పట్టించబోతాడు. వాడికి బదులుగా అస్లాన్ అనే సింహం తన ప్రాణం ఇచ్చి, తిరిగి లేస్తాడు.

ఇందులో సిలువ మనకు వెంటనే కనిపిస్తుంది. తెల్లవారుతుండగా అస్లాన్‌ను మొదట చూసేది రాత్రంతా ఏడ్చిన ఇద్దరు ఆడపిల్లలు. యేసు సమాధి దగ్గరికి వెళ్లిన స్త్రీలు గుర్తొచ్చి నాకు గొంతు పట్టేసింది.

కానీ నా మనసులో నిలిచిపోయిన పేజీ అంతకంటే ముందే, పదమూడో అధ్యాయంలో ఉంది. ఎడ్మండ్‌ను మంత్రగత్తె చేతిలోంచి విడిపించి తెచ్చిన మర్నాడు పొద్దున్నే, అందరికీ దూరంగా, మంచు తడిసిన గడ్డి మీద అస్లాన్, వాడూ నడుస్తూ మాట్లాడుకుంటారు. ఏం మాట్లాడుకున్నారో రచయిత చెప్పడు. ఎడ్మండ్ ఆ మాటలు ఎన్నటికీ మర్చిపోలేదని మాత్రం అంటాడు. తర్వాత అస్లాన్ వాడిని మిగతా ముగ్గురి దగ్గరికి తీసుకొచ్చి, జరిగిపోయిన సంగతి ఇక వాడి దగ్గర ఎత్తక్కర్లేదంటాడు. ఎడ్మండ్ ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని సారీ చెప్తాడు. అంతే!

మా పాప పుస్తకం మూయనివ్వలేదు. "ఏం చెప్పాడమ్మా? తిట్టాడా?" అని ఒకటే అడగడం. నేను లూకా సువార్త 24వ అధ్యాయం తీశాను. ప్రభువును ఎరుగనని మూడుసార్లు బొంకిన పేతురు ఉన్నాడు కదా, తిరిగి లేచిన ప్రభువు అతనికి కనబడ్డాడని 34వ వచనంలో ఒక్క మాటే ఉంది. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో లూకా కూడా రాయలేదు. పాప ఆ వచనం మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది.

చివరి యుద్ధం మాత్రం హడావిడిగా అయిపోతుంది. యుద్ధాల కోసం చదివే పిల్లలకు అది చప్పగా అనిపించవచ్చు.

మొత్తం 17 అధ్యాయాలు, రోజుకొకటి చదివి వినిపించండి. అస్లాన్ అంటే యేసు అని ముందే చెప్పేయకండి. పదమూడో అధ్యాయం దగ్గర ఆగి, వాళ్లు అడిగేదాకా ఊరుకోండి.