నీళ్లు ఎంతవరకు వచ్చాయో గోడ మీద రాయండి

(కాలనీ సంక్షేమ సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని ఓపిగ్గా కూర్చున్న అమ్మలకు నమస్కారం. ఇందాక నన్ను ఇంజినీరు అని పరిచయం చేశారు. కాదండీ. ఇరిగేషన్‌లో గేజి చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. నీటి మట్టం చూసి పైవాళ్లకు చెప్పడమే నా పని. ఇవాళ మీకు చెప్పాలని వచ్చాను.

వానాకాలం జాగ్రత్తలు మాట్లాడమన్నారు. అవన్నీ మీకు పంచిన కరపత్రంలో ఉన్నాయి. రెండు మాత్రం చెప్పి వదిలేస్తాను. నీళ్లు గడప దాకా రాకముందే కరెంటు మెయిన్ ఆఫ్ చేయండి, నీళ్లలో నిలబడి స్విచ్ ముట్టుకోకండి. పారే నీళ్లలోకి బండి దించకండి. అడుగు లోతు ప్రవాహం చిన్న కారును తేల్చేస్తుంది. రెండడుగులైతే పెద్ద బండినీ లాక్కుపోతుంది. మోకాలి దాకానే కదా అని దిగేవాళ్లే కొట్టుకుపోతారు.

ఇక నా బాధకు వస్తాను.

2024 సెప్టెంబరు మొదట్లో మనమంతా ఏం చేశాం? టీవీలో ప్రకాశం బ్యారేజీ అంకెలు చూస్తూ కూర్చున్నాం. రెండో తేదీకి 11.43 లక్షల క్యూసెక్కులు. క్యూసెక్కంటే సెకనుకు సుమారు 28 లీటర్లు, ఇక మీరే లెక్కేసుకోండి. కృష్ణలో అంత వరద రావడం నిజమే. కానీ మన విజయవాడలో సింగ్‌నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, వెనక నుంచి వచ్చిన బుడమేరు. ఆ ఏరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకు పోతుంది. ఊరి మీద పడకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, మళ్లింపు కాలువ తవ్వి, బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపారు. కాలువ పట్టేది సుమారు 15 వేల క్యూసెక్కులు. అంతకు చాలా మించి వస్తే? పైగా కృష్ణే నిండుగా ఉంటే? కాలువ నీరు నదిలోకి దిగదు, ఎగదన్నుతుంది. గట్లకు గండ్లు పడ్డాయి. తర్వాత సంగతి మీకు నేను చెప్పాలా?

వాతావరణ శాఖ 24 గంటల్లో 20 సెంటీమీటర్లు దాటితే అత్యంత భారీ వర్షం అంటుంది. చదరపు కిలోమీటరు నేల మీద ఒక్క సెంటీమీటరు పడితేనే కోటి లీటర్లు. అది కూడా రోజులతరబడి ముసురు పట్టి, నేల నానిపోయాక పడితే ఇంకే దారీ లేదు, పడిందంతా పారాల్సిందే. మొన్న ఇంతే వాన పడితే ఏం కాలేదుగా అని ధైర్యం చెప్పకండి.

భద్రాచలం దగ్గర గోదావరి చూడండి. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులొచ్చింది, 2022 జులైలో 71 దాటింది. అంకె వినగానే ఏ మెట్టు మునిగింది, ఏ వీధి ఖాళీ చేయాలి అని అక్కడ లెక్కలేసుకుంటారు. మరి బుడమేరుకు మన నోట్లో ఏ అంకె ఉంది? ఎవరైనా చెప్పండి... చూశారా.

అందుకే నీళ్లు తీశాక, మట్టి మరక ఆరకముందే, మన కుర్రాళ్లు నేనూ కలిసి ఒక గోడ మీద ఎర్రరంగుతో గీత గీసి తేదీ వేశాం. ఎవరి గోడో చెప్పను. తర్వాత ఏదో ఫంక్షనొచ్చింది, సున్నం కొట్టేశారు. అడిగితే "చూడ్డానికి బాలేదు సార్" అన్నారు. ఆ మాట భరించాను. ఇంకొకాయన చెవిలో అసలు సంగతి చెప్పాడు: గీత కనబడితే అద్దెకొచ్చేవాళ్లు వెనక్కి పోతారట, స్థలం రేటు పడిపోతుందట. అంటే కొత్తగా వచ్చేవాడు తెలియక మునగాలి, మనకు అద్దె రావాలి! కోపం వస్తోంది, క్షమించండి. అయినా చెబుతాను. కింది వాటాలో చంటిబిడ్డతో దిగే ఆ అమ్మాయికి నీళ్లు తన తల దాకా వచ్చాయని చెప్పాలా, వద్దా?

అధ్యక్షులు వాచీ చూస్తున్నారు. అయిపోవచ్చింది సార్.

వెలగలేరు, మైలవరం వైపు చుట్టాలున్నవాళ్లు చేతులెత్తండి. ఇంతమందా! వాళ్ల ఫోన్ నంబర్లు ఇవాళే కార్యదర్శి గారికి ఇవ్వండి. అక్కడ ఏరు పొంగితే అర్ధరాత్రయినా మనకు ఫోన్ రావాలి. కల్వర్టుకు అడుగుల స్కేలు గీస్తే, ఇక్కడ ఎంతుంటే మన గడపకు ఎంతొస్తుందో ఒక్క వానాకాలంలో తేలిపోతుంది. చూసి రాసే పని నాది, జీతం అక్కర్లేదు.

ఇక గోడలు కావాలి. వీధికి ఒకటి చాలు. రంగు డబ్బా, బ్రష్షు వెంట తెచ్చాను. మొదటి గీత అధ్యక్షుల వారి ప్రహరీ మీద గీద్దామా? సార్, మీరు ఊఁ అంటే భోజనాల లోపే పని అయిపోతుంది.