ఆల్బుమిన్ బాటిల్ బలం మందు కాదు

యాంకర్: ఉప్పల్ నుంచి కాలర్ లైన్‌లో ఉన్నారు. టీవీ సౌండ్ తగ్గించి మాట్లాడండమ్మా.

కాలర్: నమస్తే డాక్టర్ గారూ. మా నాన్నగారికి లివర్ సిర్రోసిస్, అదే లివర్ గట్టిపడిపోయే జబ్బు. పోయిన వారం పొట్టలోంచి ఏడు లీటర్ల నీరు తీసి, మూడు బాటిళ్ల ఆల్బుమిన్ ఎక్కించారు. ఆ రోజు లేచి తిరిగారండీ. ఇప్పుడు మళ్ళీ నీరసం. రిపోర్టులో ఆల్బుమిన్ 2.4 వచ్చింది. ఇంకో రెండు బాటిళ్లు ఎక్కిస్తే బలం వస్తుందని మా బాబాయి అంటున్నారు. అప్పు చేసైనా తెద్దామని...

డాక్టర్: అప్పు చెయ్యొద్దమ్మా. ఆల్బుమిన్ నీళ్లలో ఇట్టే కరిగే ప్రోటీన్. గుడ్డు తెల్లసొనలోదీ ఈ జాతిదే. రక్తంలోదాన్ని మాత్రం మన లివరే తయారు చేస్తుంది. రక్తనాళాల్లోంచి నీరు బయటికి జారిపోకుండా పట్టి ఉంచుతుంది. పొట్టలోంచి ఐదు లీటర్లకు మించి నీరు తీస్తే రక్తప్రసరణ తగ్గి కిడ్నీలు దెబ్బతినొచ్చు. అందుకే తీసిన ప్రతి లీటరుకీ 6 నుంచి 8 గ్రాములు ఎక్కిస్తాం. 20 శాతం మందైతే 100 మిల్లీలీటర్ల బాటిల్‌లో 20 గ్రాములుంటుంది. ఏడు లీటర్లకు మూడు బాటిళ్లు, లెక్క సరిపోయింది. మీ డాక్టర్ సరిగ్గానే ఇచ్చారు. నాన్నగారు లేచి తిరిగింది పొట్ట బరువు దిగినందుకమ్మా.

కాలర్: మరి 2.4 తక్కువే కదండీ?

డాక్టర్: తక్కువే, 3.5 పైన ఉండాలి. కానీ ఆ అంకె పెంచడానికే ఎక్కిస్తే లాభం లేదు. ఆసుపత్రిలో చేరిన సిర్రోసిస్ పేషెంట్లకు రోజూ ఎక్కించి చూశారు బ్రిటన్‌లో. 2021లో ఫలితాలొచ్చాయి. మేలు కనబడలేదు, కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆ డబ్బు తిండికి పెట్టండి.

కాలర్: గుడ్లు, పప్పు మానేయమన్నారండీ కొందరు.

డాక్టర్: అయ్యో, మానొద్దు! ఆయన కండ కరిగిపోతుంది. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలి. గుడ్లు, పప్పు, పెరుగు పెట్టండి. పడుకునే ముందు కూడా రెండు ఇడ్లీలో, కాస్త పెరుగన్నమో పెట్టండి. రాత్రంతా ఖాళీ కడుపు మంచిది కాదు. జ్వరం, కడుపునొప్పి, మాట తడబాటు, ఏది కనబడినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పొట్ట నీటికి ఇన్ఫెక్షన్ సోకితే యాంటీబయాటిక్‌తో పాటు ఆల్బుమిన్ కూడా ఇస్తాం. అప్పుడది నిజంగా కిడ్నీలను కాపాడుతుంది.

కాలర్: ఆవకాయ లేనిదే ఆయనకి ముద్ద దిగదండీ.

డాక్టర్: ఉప్పు తగ్గకపోతే నీరు మళ్ళీ చేరుతుందమ్మా. ఆవకాయ బదులు నిమ్మరసం వేసి, జీలకర్ర పొడి చల్లి కలిపి పెట్టండి.