జువాలజీ పిల్లలకి అకౌంట్స్ ఎందుకు

(కావలిలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక మైకు నా చేతికిచ్చారు కాబట్టి నిద్రపోయేవాళ్ల మీద నాకేం కోపం లేదు, వెనక బెంచీలో నేనూ అదే చేసేదాన్ని. సైన్సు డిగ్రీ చేస్తూ పక్కన బిజినెస్ సబ్జెక్టులు చదవొచ్చా, చదివితే ఏం ఒరుగుతుంది, ఇది చెప్పమని పిలిచారు. చదవొచ్చు. ఏం ఒరుగుతుందో చెప్పాలంటే మాత్రం చదవక నాకేం పోయిందో చెప్పాలి.

నేను ఎమ్మెస్సీ జువాలజీ. 2016లో విడవలూరు దగ్గర రొయ్యల గుంటలకి నీళ్లు పరీక్ష చేసే ల్యాబ్ పెట్టాను. అమ్మోనియా, నైట్రైట్, రొయ్యలకి జబ్బు తెచ్చే విబ్రియో అనే బాక్టీరియా కాలనీలు ప్లేట్ మీద లెక్కపెట్టడం, అన్నీ బాగా వచ్చు. శాంపిల్‌కి 500 తీసుకునేదాన్ని, కెమికల్స్‌కి 140 అయ్యేవి, అంటే 360 లాభం అనుకుంటూ ఆర్నెల్లు గడిపాను. మా అమ్మకీ అదే చెప్పాను, ఆమె చుట్టాలందరికీ చెప్పింది.

మా ఎదురింట్లో రైసుమిల్లు గుమాస్తాగా చేసి మానేసిన పెద్దాయన ఒకాయన ఉండేవాడు, మామా అని పిలిచేదాన్ని. కాలేజీ గడప తొక్కలేదు గానీ పుట్టికి 850 కేజీల చొప్పున వడ్లు దించుకుంటే అందులో బియ్యానికెంత, నూకకెంత, తవుడుకెంత, చివరికి ఊకకెంత వస్తుందో నోటిమీద చెప్పేవాడు. ఒకరోజు "ల్యాబ్ ఎట్టుంది పాపా" అన్నాడు. బాగుంది మామా, శాంపిల్‌కి 360 మిగులుతోంది అన్నాను. "మరి అద్దె ఎవురు కడతా ఉండారు?"

నా నోటుబుక్కు చివరి పేజీలో నా చేతే రాయించాడు. అద్దె, కుర్రాడి జీతం, కరెంటు, పెట్రోలు కలిపి నెలకి 42,000. దాన్ని 360తో భాగించమన్నాడు. దగ్గరదగ్గర 117. అంటే నెలకి 117 శాంపిళ్లు చేస్తే గానీ నాకు రూపాయి పుట్టదు, నేను చేస్తున్నది ఎనభై, తొంభై. మీ బీకాం ఫ్రెండ్‌ని అడగండి, బ్రేక్ ఈవెన్ అని టక్కున చెప్తాడు.

మరి ఆ లోటు ఎట్లా పూడ్చానంటే, ప్రోబయోటిక్స్ అమ్మి, అంటే గుంటలో వేసే మంచి బాక్టీరియా మందులు. అసలు నేను గుంటలో పడింది అక్కడ. వెనామీ రకం రొయ్య పంట మూడున్నర, నాలుగు నెలలు. రైతు మేతా మందూ అప్పు మీద తీసుకుని పట్టుబడి అయ్యాకే, అంటే రొయ్యలు పట్టి అమ్మాకే డబ్బిస్తాడు, మన తీరంలో ఇదేం కొత్త కాదు. నాకు సరుకిచ్చే డిస్ట్రిబ్యూటర్‌కి మాత్రం 30 రోజుల్లో కట్టాలి. ఆ మధ్య రోజులన్నీ ఎవరి డబ్బు తిరిగింది? నా గాజులు. ఇంతలో 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. బిల్లు రాశానంటే వచ్చే నెల 20కల్లా పన్ను కట్టాలి, రైతు నాకిచ్చాడా లేదా అన్నది పన్ను ఆఫీసుకి అనవసరం. ఆ పంటలో వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు కొట్టి నాలుగు గుంటలు నలభయ్యో రోజుకే ఖాళీ. మూడు లక్షల పైన బాకీ ఉండిపోయింది, చచ్చిన రొయ్యలు గట్టున పోసుకుని కూర్చున్న మనిషిని ఏమని అడుగుతాం? పుస్తకంలో లాభం, బీరువాలో సున్నా. నాలుగు నెలల పంట అంటే నాలుగు నెలల వడ్డీ అని నా ఎమ్మెస్సీలో ఎవరూ చెప్పలేదు.

కాబట్టి బిజినెస్ పేపర్లు తీసుకునేటప్పుడు ఒక్క మాట. చాలామంది లీడర్‌షిప్, మేనేజ్‌మెంట్ సూత్రాలు లాంటివి ఏరుకుంటారు, మార్కులొస్తాయని. నన్నడిగితే అకౌంట్స్, కాస్టింగ్ (ఏ సరుక్కి ఎంత ఖర్చయిందో తేల్చే లెక్క), బిజినెస్ లా, ఈ మూడూ పట్టుకోండి, చేదుగానే ఉంటాయి. డిప్రిసియేషన్, అంటే వస్తువు విలువ ఏటా అరిగిపోయే లెక్క ఇస్తే, పుస్తకంలోని మిషన్‌కి కాకుండా గుంట నీళ్లలో గాలి కలిపే ఏరేటర్‌కి వేసి చూడండి. ఉప్పునీళ్లలో అది ఎన్నేళ్లు బతుకుతుందో కామర్స్ సారుకి తెలీదు, మీకు తెలుసు. జియాలజీ వాళ్లకి చీమకుర్తి గ్రానైట్ క్వారీ ఉంది, ఎంత రాయి తీస్తే ఎంత అమ్ముడుపోయే బ్లాకు వస్తుందో లెక్కేయండి. బాటనీ వాళ్లకి పొదలకూరు నిమ్మకాయలున్నాయి. బీఏ తెలుగు వాళ్లు నవ్వుతున్నారు గానీ, పుస్తకం అచ్చేసి షాపులకి అప్పు మీద ఇచ్చినవాళ్లని ఒకసారి అడగండి.

దారులు చాలానే ఉన్నాయి. మన రాష్ట్రంలో 2023-24లో డిగ్రీకి ఒకే ప్రధాన సబ్జెక్టు ఉండే సింగిల్ మేజర్ పద్ధతి వచ్చినప్పుడు దాని పక్కనే మైనర్ అని చిన్నపాటి రెండో సబ్జెక్టు కూడా పెట్టారు, అయితే నిబంధనలు బ్యాచ్ బ్యాచ్‌కీ మారుతుంటాయి, సీనియర్ చెప్పింది నమ్మకుండా ఆఫీసులో అడగండి. కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ కోర్సులు పెట్టే స్వయం పోర్టల్లో మేనేజ్‌మెంట్ కోర్సుల బాధ్యత ఐఐఎం బెంగళూరుది, చదవడానికి డబ్బు కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ కావాలంటే పరీక్షకి మాత్రం ఫీజు. 2022లో యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలకి ఒప్పుకుంది, ఒకటి కాలేజీకెళ్లి, ఇంకోటి దూరవిద్యలో చదువుకోవచ్చు. రెండో డిగ్రీ మొదటిదాన్ని మింగకుండా చూసుకోండి, మూడో సెమిస్టర్ ప్రాక్టికల్స్ అప్పుడు ఆ టెన్షన్ తెలుస్తుంది.

ల్యాబ్ ఏమైందని ఇందాక వరండాలో ఒకమ్మాయి అడిగింది. ఉంది. శాంపిల్ ఇప్పుడు 700, మందులకి సగం డబ్బు ముందే. మామ రాయించిన నోటుబుక్కు తెచ్చాను, కావాలంటే ముందుకొచ్చి చూడండి, బాకీల పేజీలో పేర్లు మాత్రం కొట్టేశాను.